బల్ల దగ్గర ఆగిన చెయ్యి

సంపాదకుల వారికి నమస్కారములు.

క్రైస్తవ స్త్రీలు బొట్టు, పూలు, నగలు ధరించవచ్చునా, ధరించినవారిని దూరంగా ఉంచే అధికారం సంఘ కాపరులకు ఉన్నదా అనే విషయంపై కొన్ని వారాలుగా మీ పత్రికలో వెలువడుతున్న పాఠకుల లేఖలను శ్రద్ధగా చదువుతున్నాను. వాటిలో రెండు లేఖలు నా చేత ఈ ఉత్తరం వ్రాయిస్తున్నాయి. సంఘమంటే నలుగురూ కలిసి పెట్టుకున్న కట్టుబాటు గనుక, అది నచ్చనివారు బయటికి వెళ్ళిపోవచ్చునని, ఇందులో వాదనకు తావే లేదని ఒకరు వ్రాశారు. ఏ మతమైనా చివరికి స్త్రీ నుదుటి మీదా మెడ మీదా పెత్తనం చేయడానికే ఉన్నదని, అటువంటప్పుడు క్రైస్తవులు స్వాతంత్ర్యమనే మాట ఎత్తడమే విడ్డూరమని మరొకరు ఎత్తిపొడిచారు. వారిద్దరూ పరస్పర విరుద్ధంగా మాట్లాడుతున్నట్లు కనిపించినా, విశ్వాసమంటే నియమాల పట్టిక అనే విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. మొదటివారికి ఆ పట్టిక ముచ్చటగా ఉన్నది, రెండవవారికి వెగటుగా ఉన్నది. ఆ ఒప్పుదల మీదనే నాకు అభ్యంతరం.

నేను ప్రకాశం జిల్లాలో ముప్ఫై మూడేళ్ళు తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. బాప్తిస్టు కుటుంబంలో పుట్టి, పద్నాలుగేళ్ళుగా మా సంఘ పెద్దలలో ఒకడిగా ఉన్నాను. ఈ విషయంలో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు, ఎందుకంటే నేను చేసిన తప్పును చెప్పుకోవడానికే ముందుగా కలం పట్టాను.

మా సంఘానికి ఒక సోదరి వస్తూ ఉంటుంది. అయిదారేళ్ళ క్రితం బాప్తిస్మం పొందింది. భర్త క్రైస్తవుడు కాడు గాని అడ్డు చెప్పలేదు. అత్తగారు మాత్రం ఒక్క విషయంలో గట్టిగా నిలబడింది. మొగుడు బ్రతికి ఉండగా కోడలు బోడినుదురుతో వీధిలోకి వెళ్తే తన కొడుకుకు కీడు జరుగుతుందని ఆ ముసలమ్మ భయం. కోడలు ఆ భయాన్ని గౌరవించి బొట్టు పెట్టుకునే ఉండిపోయింది. ఆరాధనకు వచ్చినప్పుడు మాత్రం గుడి గేటు దగ్గర స్టిక్కరు తీసి బైబిలు అట్ట లోపలివైపు అంటించుకొని, ఆరాధన ముగిశాక మళ్ళీ నుదుట పెట్టుకొని ఇంటికి వెళ్ళేది. ఒకసారి ఆమె వాక్యభాగం వెదుకుతుండగా ఆ అట్ట నా కంటబడింది. జిగురు ఎండిపోయిన ఎర్రని చుక్కలు వరుసగా పది పన్నెండు ఉన్నాయి. దాన్ని చూసి నేను ఏమీ అనలేదు. ఎవరూ అడగకుండానే ఆమె తనంతట తానుగా చేసుకున్న సర్దుబాటు అది అనుకున్నాను. ఆమె అలా చేయవలసిన అవసరం ఎందుకు వచ్చిందో ఆలోచించలేదు.

ఆ తరువాత మా ఊరిలో మూడు రోజులు ఉజ్జీవ కూటాలు జరిగాయి. వచ్చిన ప్రసంగీకులు రెండవ రాత్రి అంతా స్త్రీల అలంకారం గురించే మాట్లాడి, ఇంట్లో ఒక ముఖంతో, గుడిలో ఒక ముఖంతో తిరిగేవారికి బల్ల, అంటే ప్రభువు భోజనపు రొట్టె, ద్రాక్షారసం, ఇచ్చే సంఘం మీదికి శాపం వస్తుందని హెచ్చరించారు. మరుసటి నెల బల్ల ఆరాధనలో రొట్టె పళ్ళెం పట్టుకొని స్త్రీల వరుసల వైపు వెళ్ళవలసిన వంతు నాది. ఆ సోదరి దగ్గరికి వచ్చేసరికి వెనుక నిలబడి ఉన్న ఇద్దరు పెద్దల చూపులు నా వీపుకు తగిలాయి. నా చెయ్యి ఆగింది. పళ్ళెం ఆమెను దాటి పక్కావిడ దగ్గరికి వెళ్ళింది. ఆరాధన అయ్యాక బయట చెట్టు కింద ఆమెను పలకరించి ఏదో సంజాయిషీ చెప్పబోతే, "పర్వాలేదు మాస్టారూ, నాకు అలవాటే," అని నెమ్మదిగా అన్నది. ఎవరిచేతనైనా దూరం పెట్టించుకోవడం అలవాటు అయినవాళ్ళను చేర్చుకోవడానికే మా పెద్దల కాలంలో ఈ సంఘం పుట్టిందన్న సంగతి ఇంటికి వచ్చాక గుర్తుకు వచ్చింది.

ఆ రాత్రి బైబిలులో, యేసు సువార్తను ఊరూరా చాటిన పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక తీసి మొదటి నుండి చివరిదాకా ఒక్క బిగిన చదివాను. ఆరు అధ్యాయాల చిన్న ఉత్తరం అది. చదవడానికి అరగంట పట్టదు. నేటి తుర్కియే దేశపు నడిమి భాగంలో ఉన్న గలతీయ ప్రాంతపు సంఘాలకు, క్రీస్తు శకం 50 ప్రాంతంలో వ్రాసినది. ఉత్తరాలు వ్రాయడం నేర్పిన మేష్టరుగా నా కంటికి ఒక విశేషం ఎప్పుడూ కనిపిస్తూ ఉంటుంది. తన తక్కిన పత్రికలలో చాలావాటిలో మన ఉభయకుశలోపరి మాదిరిగా పలకరింపులు కాగానే, పాఠకుల విషయమై దేవునికి కృతజ్ఞతలు చెల్లించే పౌలు, ఇందులో ఆ మర్యాదను పూర్తిగా విడిచిపెట్టి, ఇంత త్వరగా మీరు వేరొక సువార్త తట్టు తిరిగిపోవడం నాకు ఆశ్చర్యంగా ఉన్నదని నేరుగా విషయంలోకి దిగుతాడు. మూడవ అధ్యాయానికి వచ్చేసరికి "ఓ అవివేకులైన గలతీయులారా" అనేస్తాడు. అంత కోపం రావడానికి వారు చేసిన నేరం దొంగతనమో వ్యభిచారమో కాదు. క్రీస్తునందు విశ్వాసముంచిన అన్యజనులు, అంటే యూదులు కానివారు, సున్నతి కూడా పొందితేనే దేవుని ప్రజలలో పూర్తిగా చేరినట్లు అని ఎవరో వచ్చి చెబితే వారు నమ్మారు. మామూలుగా చూస్తే దానివల్ల నష్టమేమున్నది, విశ్వాసానికి తోడు మరో మంచి ఆచారం చేరింది గదా అనిపిస్తుంది. ఆ 'తోడు' దగ్గరే పౌలుకు ప్రాణం మీదికి వచ్చింది.

రెండవ అధ్యాయంలో అతడు చెప్పిన అంతియొకయ సంఘటన దగ్గర నేను ఆ రాత్రి చాలాసేపు ఆగిపోయాను. 2023 ఫిబ్రవరి భూకంపంలో దాదాపు నేలమట్టమైన అంతాక్యా నగరమే ఆనాటి అంతియొకయ; యేసు శిష్యులను మొట్టమొదట క్రైస్తవులని పిలిచినది అక్కడే. ఆ ఊరిలో యూదులైన విశ్వాసులూ, యూదులు కాని విశ్వాసులూ కలిసి ఒకే చోట భోజనం చేసేవారు. యేసు ముఖ్య శిష్యుడైన పేతురు కూడా వారితో కూర్చుని తినేవాడు. యెరూషలేము నుండి, అక్కడి సంఘ పెద్ద యాకోబు దగ్గరి నుండి కొందరు వచ్చేవరకు అంతా బాగానే ఉన్నది. వారు రాగానే పేతురు మెల్లగా వెనుకకు తగ్గి వేరుగా కూర్చున్నాడు. అతణ్ణి చూసి తక్కిన యూదులూ, చివరికి పౌలు సహచరుడు, అంత మంచివాడని పేరున్న బర్నబా కూడా లేచిపోయారు. దీనికి పౌలు చెప్పిన కారణం ఒక్కటే: పేతురు భయపడ్డాడు. సిద్ధాంతం మారలేదు, మనసు మారలేదు, చూసేవారు మారారు. పెద్దలైనవారిని నలుగురిలో తప్పుపట్టకూడదన్న సంకోచం కూడా లేకుండా పౌలు ముఖాముఖిగా ఎదిరించినది ఇందుకే.

తెలుగు దేశంలో పుట్టినవారికి ఈ ఘట్టానికి వ్యాఖ్యానం అక్కరలేదు. పంక్తిలో విస్తరి ముందు కూర్చున్నవాడు పక్కవాడి కులం తెలిసి లేచిపోవడం ఎట్లా ఉంటుందో లేచినవాళ్ళకూ తెలుసు, కూర్చుండిపోయినవాళ్ళకు ఇంకా బాగా తెలుసు. సహపంక్తి భోజనాల కోసం మన సంస్కర్తలు అంతగా పట్టుబట్టింది కూడా ఇందుకే. మనిషిని మనిషి ఏ మేరకు అంగీకరించాడో సిద్ధాంతాల కంటే ముందు విస్తరి చెబుతుంది. గలతీ పత్రికలో విశ్వాసం, ధర్మశాస్త్రం (మోషే ద్వారా యూదులకు వచ్చిన నియమాలు), నీతి అనే బరువైన మాటల చర్చ అంతా ఈ భోజనపంక్తి దగ్గరనుండే మొదలైందని మనం తరచు మరచిపోతాము. 'విశ్వాసమూలముగా నీతిమంతులగుట' అనే సిద్ధాంతాన్ని వేదికల మీద గంటలకొద్దీ బోధించేవారిలో చాలామందికి, ఆ సిద్ధాంతం ఎవరు ఎవరితో కలిసి కూర్చుని తినవచ్చును అనే ప్రశ్నకు జవాబుగా పుట్టిందన్న ధ్యాస ఉండదు. నాకూ లేదు. ఉండి ఉంటే నా చేతిలోని పళ్ళెం ఆగేది కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పుకోవడం న్యాయం. ధర్మశాస్త్రం అనగానే అది యూదుల మీద పడిన శిక్ష అన్నట్లు మాట్లాడే దురలవాటు మన ప్రసంగాలలో ఉన్నది. "నీ ధర్మశాస్త్రము నాకెంతో ప్రియముగానున్నది" అని పాడినవాడు బానిస కాడు. పౌలు యూదుడు, యేసు యూదుడు. వారు ఆ శాస్త్రాన్ని తిట్టలేదు. అది ఏ పనికి ఇవ్వబడిందో ఆ పనికి వాడమన్నారు. గలతీ మూడవ అధ్యాయంలో ధర్మశాస్త్రం క్రీస్తు దగ్గరికి నడిపించే బాలశిక్షకుడని పౌలు అంటాడు. మన తెలుగు బైబిలు అనువాదకులు ఆ మాటను ఎంచుకున్నందుకు వారికి చేతులెత్తి మ్రొక్కవచ్చును గాని, చదువరికి వెంటనే పెద్దబాలశిక్ష గుర్తుకు వచ్చి, పౌలు ఏదో పాఠ్యపుస్తకం గురించి చెబుతున్నాడనుకునే ప్రమాదం ఉన్నది. గ్రీకు ఇళ్ళలో ఆ పేరు గలవాడు పాఠం చెప్పేవాడు కాడు. పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకొని బడికి తీసుకువెళ్ళి, దారిలో అల్లరి చేస్తే రెండు అంటించి, తిరిగి ఇంటికి తెచ్చే దాసుడు. అతనికి కుర్రవాడి మీద అధికారం ఉన్నది, అయితే కుర్రవాడు ఎదిగేవరకే. ముప్ఫై ఏళ్ళ కొడుకు వెనుక అదే దాసుణ్ణి కర్ర ఇచ్చి తిప్పే తండ్రి ఉంటాడా? నియమాన్ని కాదనడానికీ, దాని వయసు తీరిందని చెప్పడానికీ ఎంత దూరమున్నదో ఈ ఒక్క పోలికలో ఉన్నది.

నియమం మనిషిని విడిపించిన కాలం కూడా ఒకటి ఉన్నది. అది మా ఇంటి చరిత్రే గనుక కొంచెం విపులంగా చెబుతాను. 1860లలో ఒంగోలుకు వచ్చిన అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఆయన కంటే ముందే ఊరూరా తిరిగి మాదిగపల్లెలలో మాట చెప్పిన తాళ్ళకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య, క్రొత్తగా విశ్వసించినవారికి మూడు ముఖ్యమైన కట్టుబాట్లు పెట్టారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలకు మ్రొక్కకూడదు. ఈ మూడు వింటే నేటి యువకుడికి మరో నియమాల పట్టికలాగానే కనిపిస్తుంది. ఆనాడు దాని అర్థం వేరు. చచ్చిన గొడ్డును లాగడం, దాని మాంసంతో సరిపెట్టుకోవడం, పిలిచినప్పుడల్లా, పండుగ అయినా నాట్లు అయినా, పనికి వెళ్ళడం తప్ప మరో బ్రతుకు లేనివాడు "ఈ రోజు నేను రాను" అని దొర మొహం మీద చెప్పగలగడం చిన్న సంగతి కాదు. అలా చెప్పినందుకు కరణాలూ మునసబులూ వారిని బావుల దగ్గరికి రానివ్వలేదు, అంగడిలో సరుకు ఇవ్వనివ్వలేదు, కొట్టించారు. వారానికి ఒక రోజు తన ఒళ్ళు తనదని ఆ మనిషికి మొట్టమొదట తెలిసినది ఆ ఆదివారం మూలంగానే. మా నాయనమ్మ దాన్ని నియమమని ఎప్పుడూ అనలేదు. "మన ఆదివారం" అనేది. ద్వితీయోపదేశకాండంలో విశ్రాంతిదినానికి చెప్పిన కారణం కూడా ఇదే కదా: మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, జ్ఞాపకముంచుకోండి, మీ దాసుడూ దాసీ కూడా మీవలెనే విశ్రమించాలి.

1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువు రోజులలో గంజి కోసం వస్తున్నారన్న మాట పడకుండా ఉండడానికి, అంతకు ముందు నెలల తరబడి బాప్తిస్మాలు ఆపివేసి, జనానికి బకింగ్‌హాం కాలువ తవ్వకంలో పని ఇప్పించినవాడు క్లౌ. ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు మన దేశపు బోధకులే. ఇద్దరు ఇస్తుంటే మిగిలినవారు విశ్రమిస్తూ, వంతులవారీగా సాయంత్రం వరకు ఇచ్చారు. ఆ వరుసలో నిలబడిన స్త్రీల నుదుట పచ్చబొట్లు ఉన్నాయా, చేతులకు గాజులు ఉన్నాయా అని ఎవరైనా లెక్క వ్రాసి ఉంటారా? ఉంటారని నేను అనుకోను. ఆ గట్టు మీద నిలబడినవారి మనుమలమూ మునిమనుమలమూ అయిన మేము, గేటు దగ్గర నిలబడి నుదుళ్ళు చూస్తున్నాము. వారిని విడిపించిన నియమం మా చేతికి వచ్చేసరికి ఇతరులను ఆపే గడియ అయింది. మాటలు అవే, పని తలకిందులైంది. ఆదివారం నాడు పొలానికి వెళ్ళిన కూలి మనిషిని, వెళ్ళకపోతే ఆ వారం బియ్యం లేని మనిషిని, సంఘంలో నిలబెట్టి క్షమాపణ చెప్పించిన సందర్భం నా చిన్ననాట చూశాను. "విశ్రాంతిదినము మనుష్యులకొరకే నియమింపబడెను" అని చెప్పినవాని పేరు మీదనే అది జరిగింది.

కొలొస్సయుల పత్రికలో "చేతపట్టుకొనవద్దు, రుచిచూడవద్దు, ముట్టవద్దు" అనే విధులకు మీరెందుకు లోబడుతున్నారని పౌలు అడిగిన ప్రశ్న చదివినప్పుడల్లా ఆ చివరి మాట దగ్గర నా కన్ను ఆగుతుంది. ముట్టవద్దు అనే మాట మా పెద్దలు ఎవరి నోట విన్నారో, ఎంతకాలం విన్నారో తెలిసి కూడా, అదే మాటను తెల్లచీర కట్టి, వాక్యం తోడు పెట్టి, మరొకరికి వినిపించడం మాకు ఎట్లా చేతనయింది?

సంఘంలో ఈ సంగతి ఎత్తినప్పుడు నాకు ఎదురైన వాదనలలో బలమైనది పేతురు మొదటి పత్రిక మూడవ అధ్యాయం. జడలు అల్లుకోవడం, బంగారు నగలు పెట్టుకోవడం మీకు అలంకారంగా ఉండకూడదని స్పష్టంగా ఉన్నది గదా అంటారు. ఉన్నది. అదే వరుసలో, అదే వాక్యంలో, వస్త్రాలు ధరించుకోవడం కూడా ఉన్నది. మొదటి రెండింటిని అక్షరాలా నిషేధంగా తీసుకున్నవారు మూడవదానిని ఏం చేయదలచుకున్నారో నాకు ఎవరూ చెప్పలేదు. స్త్రీ విలువ ఒంటి మీది సొమ్ముతో తూగదని ఆ మాటకు అర్థం. అది పేద ఇంటి పిల్లకు ధైర్యం చెప్పే వాక్యం, పట్టుకుని తనిఖీ చేయడానికి ఇచ్చిన కొలబద్ద కాదు.

రెండవ వాదన 'బలహీనమైన సహోదరుడి' గురించి. నా భోజనం వల్ల నా సహోదరునికి అభ్యంతరం కలిగితే నేను ఎన్నటికీ మాంసం తినను అని పౌలు కొరింథీయులకు వ్రాశాడు. కాబట్టి నీ బొట్టు చూసి నొచ్చుకునేవాళ్ళ కోసం నువ్వు మానుకోవాలి అంటారు. ఈ వాక్యాన్ని ఎవరు ఎవరికి చెబుతున్నారో చూడండి. పౌలు తన స్వాతంత్ర్యాన్ని తాను వదులుకున్నాడు; మరొకరి చేత వదిలించలేదు. వేదిక మీద మైకు చేతిలో ఉన్నవాడు, సంఘపు పద్దు పుస్తకం చేతిలో ఉన్నవాడు, తనను తాను బలహీనుడనని చెప్పుకొని, ఇంట్లో అత్తతోనూ వీధిలో జనంతోనూ గుడిలో పెద్దలతోనూ ఒకేసారి నెగ్గుకు రావలసిన స్త్రీని బలవంతురాలిగా లెక్కగట్టి త్యాగం చేయమనడం ఏ లెక్కన న్యాయం? ఆ ముసలి అత్తగారి భయాన్ని పట్టించుకొని, తాను నమ్మని బొట్టును ఆమె కోసం మోస్తున్న కోడలే, నా దృష్టిలో, ఆ కొరింథీ వాక్యాన్ని అక్షరాలా పాటిస్తున్నది. అవిశ్వాసి అయిన భర్త కాపురం చేయడానికి ఇష్టపడితే విడిచిపెట్టవద్దని అదే పత్రిక ఏడవ అధ్యాయంలో ఉన్నది కూడా.

(నుదుటిని చూసి లెక్క వ్రాసేది సంఘం ఒక్కటే కాదన్నది మరో చేదు నిజం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తరువాతి సవరణలతో హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే ఎస్సీ హోదాను పరిమితం చేసినందువల్ల, ఎన్నో దళిత కుటుంబాలలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ముఖం తప్పనిసరి అయింది. దాని మంచిచెడ్డలు వేరే చర్చ. రెండు ముఖాలు ఉన్నాయని వేదికల మీద నుండి నిందించేవారు ఆ రెండవ ముఖం ఎక్కడ తయారవుతున్నదో కూడా ఒకసారి చూడాలి.)

మూడవది అసలైన భయం: పట్టు సడలిస్తే అంతా కట్టు తప్పుతుంది, త్రాగుడూ జూదమూ గుడి లోపలికి వస్తాయి. ఈ భయాన్ని నేను తేలికగా తీసుకోను. పౌలు కూడా తీసుకోలేదు. క్రీస్తు ఇచ్చిన స్వాతంత్ర్యాన్ని శారీరక్రియలకు, అంటే శరీరపు కోరికలు తీర్చుకోవడానికి, హేతువు చేసికొనక "ప్రేమ కలిగినవారై యొకనికొకడు దాసులైయుండుడి" అని గలతీ పత్రికలో వ్రాశాడు. దాస్యపు కాడి విరగగొట్టినవాడే ఒకరికొకరు దాసులై ఉండమనడం మాటల గారడీ కాదు. భయంతో చేసే సేవకూ ఇష్టంతో చేసే సేవకూ మధ్య ఉన్న తేడాను, బానిసలు వీధులలో తిరిగే కాలంలో, బానిస అనే మాటతోనే చెప్పడానికి సాహసించాడు. అయితే కట్టు తప్పుతుందని భయపడేవారిని నేను ఒకటే అడుగుతున్నాను. మా సంఘంలో ఇన్నేళ్ళలో బొట్టు కోసం, పూల కోసం, సినిమా కోసం మనుషులను బల్ల దగ్గర ఆపడం చూశాను. కట్నం లెక్కపెట్టి తీసుకున్న పెళ్ళికొడుకును గాని, అతని తండ్రిని గాని ఆపడం ఒక్కసారి కూడా చూడలేదు. కూతురు వేరే కులం విశ్వాసిని పెళ్ళాడిందని ఇంట్లోకి రానివ్వని పెద్దమనిషికి అదే వారం రొట్టె అందింది. అందించినవారిలో నేనూ ఉన్నాను. పుదీనాలోనూ సోపులోనూ జీలకర్రలోనూ పదవ వంతు లెక్కగా చెల్లించి, న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ విడిచిపెట్టారని, నియమాలను కచ్చితంగా పాటించే యూదు వర్గమైన పరిసయ్యులతో యేసు అన్నమాట మా వంటింటి డబ్బాల పేర్లతో సహా మాకు సరిపోతుంది. చిన్న నియమాల మీద పట్టు బిగించినచోట పెద్దవాటి మీద పట్టు జారడం యాదృచ్ఛికం కాదు. స్టిక్కరు కంటికి కనిపిస్తుంది, కట్నం కవరులో ఉంటుంది.

బొట్టు పెట్టుకోవడమే స్వాతంత్ర్యమని నేను అంటున్నట్లు ఎవరైనా అర్థం చేసుకుంటే అదీ పొరపాటే. గ్రీకువాడైన తన సహచరుడు తీతుకు సున్నతి చేయించాలని కొందరు ఒత్తిడి చేసినప్పుడు పౌలు గడియసేపైనా లొంగలేదు. మరో సహచరుడు తిమోతికి మాత్రం తానే సున్నతి చేయించాడు. బయటికి విరుద్ధంగా కనిపించే ఈ రెండు పనులలో మనిషి ఒక్కడే, పద్ధతి ఒక్కటే. రక్షణకు షరతుగా అడిగితే ఇవ్వను, మరొకరి మేలు కోసమైతే అడగకుండానే చేస్తాను అన్నది ఆ పద్ధతి. "సున్నతి పొందుటయందేమియు లేదు, పొందకపోవుటయందేమియు లేదు" అని గలతీ పత్రిక చివరి అధ్యాయంలో తేల్చినప్పుడు, పొందినవాడి గర్వంతోపాటు పొందనివాడి గర్వాన్నీ కొట్టివేశాడు. మా నాయనమ్మ జీవితమంతా తెల్లచీరే కట్టింది, ముక్కుపుడక కూడా పెట్టలేదు. ఆమెను చూసి ఎవరూ చిన్నబోలేదు, ఎందుకంటే ఆమె దాన్ని మరొకరి మీద ఎన్నడూ కప్పలేదు. నగలు వద్దనుకున్న స్త్రీలు మా సంఘంలో ఇప్పటికీ ఉన్నారు. వారి నిష్ఠ ముందు నేను తల వంచుతాను. తన మీద తాను పెట్టుకున్న నియమం వ్రతమవుతుంది. దానినే ఎదుటివారి ప్రవేశానికి రుసుముగా మార్చినప్పుడు పౌలు చెప్పిన కాడి అవుతుంది.

కట్టుబాటు నచ్చకపోతే వెళ్ళిపోవచ్చునన్న పాఠకుడికి ఇక్కడ ఒక మాట. మీరు చెప్పినది క్లబ్బులకూ సొసైటీలకూ సరిపోతుంది. బల్ల మాది కాదు. ఆ రొట్టె మేము కొన్నా, ఆ పళ్ళెం మేము తోమినా, పిలుపు మాది కాదు. యెరూషలేములో పెద్దలందరూ కూడినప్పుడు, మన పితరులు గాని మనం గాని మోయలేని కాడిని శిష్యుల మెడ మీద ఎందుకు పెడుతున్నారని లేచి అడిగినవాడు పేతురే అని అపొస్తలుల కార్యాలు పదిహేనవ అధ్యాయంలో ఉన్నది. పంక్తి నుండి లేచిపోయిన పేరు, ఆ మాట అన్న పేరు ఒకటే కావడం నా వంటివాడికి కొంత ఊరట.

మతమంటేనే సంకెళ్ళు అన్న రెండవ పాఠకుడితో నేను వాదించదలచుకోలేదు, ఎందుకంటే వారు చూసినది అబద్ధం కాదు, మేము చూపించినదే వారు చూశారు. అయితే సంకెల విరగగొట్టమని అరిచిన మొదటి గొంతులలో ఒకటి మా పుస్తకంలోనే ఉన్నదని, "మరల దాస్యమను కాడిక్రింద చిక్కుకొనకుడి" అని అది విశ్వాసులకే వ్రాసినదని, మరల అనే మాట అక్కడ ఊరకనే పడలేదని మాత్రం గమనించమని కోరుతున్నాను. ఒకసారి విడుదలైనవాడు తిరిగి చిక్కుకొనగలడని పౌలుకు తెలుసు.

ఆ సోదరి ఇప్పటికీ వస్తున్నది. చివరి బెంచీలో, ద్వారం పక్కన కూర్చుంటుంది. స్టిక్కరు ఇప్పుడు తీయడం లేదు. బల్ల ఆరాధన మొదలయ్యే ముందు, చివరి కీర్తన పాడుతుండగా, ఎవరికీ ఇబ్బంది కలగకుండా లేచి వెళ్ళిపోతుంది. వచ్చే నెల మొదటి ఆదివారం మళ్ళీ బల్ల ఉన్నది. దానికి ముందటి శుక్రవారం పెద్దల కమిటీ సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టమని వ్రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకున్నాను. కమిటీ ఏమన్నా సరే, ఆ రోజు స్త్రీల వరుసల వైపు పళ్ళెం తీసుకువెళ్ళే వంతు నాకే ఇమ్మని కూడా అందులో వ్రాశాను.

ఆమె ఎవరన్నది మా ఊరిలో తెలిసిపోకుండా ఉండేందుకు నా పేరు, మా గ్రామం పేరు ప్రచురించవద్దని మనవి.

భవదీయుడు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
ప్రకాశం జిల్లా